ఉక్కు ఊళ్లో ‘రాగి’

వేదిక మీద ఉండేది ఐదారుగురే. హార్మోనియం ఒకరు, తబలా ఒకరు, ఢోలక్ ఒకరు, తాళాలు ఒకరు. నడుమ నిలబడ్డ మనిషి చేతిలో నెమలి ఈకలు, రంగు కుచ్చులు కట్టిన తంబూర. సంగీత కచేరీల్లో గాయకుల వెనక నిలువెత్తున కనిపించేది కాదు, ఒంటి చేత్తో ఎత్తి గిరగిరా తిప్పగలిగే చిన్న వాద్యం. కథ మొదలైన కాసేపటికే అది వాద్యంగా ఉండటం మానేస్తుంది. భీముడి గద అవుతుంది, అర్జునుడి విల్లు అవుతుంది, ఒక్కోసారి ద్రౌపది జుట్టూ అదే. ఛత్తీస్‌గఢ్ పల్లెల పండవానీ ఇది. కథ మహాభారతమే. కాకపోతే ఇక్కడ హీరో భీముడు.

ఈ బృందంలో అసలు చిత్రమైన మనిషి మాత్రం తంబూర పట్టుకున్న కథకుడు కాదు, పక్కన కూర్చున్న ‘రాగి’. తెలుగు చెవికి లోహంలా వినిపించినా ఆ మాటకు పాటతోనే చుట్టరికం. అతని పని ఊ కొట్టడం. మాట మాటకూ ‘హవ్’ అంటాడు. తెలియనట్టు ప్రశ్నలేస్తాడు, ఆశ్చర్యపోతాడు, నమ్మనంటాడు. భీముడు అంత తిన్నాడా అని నోరెళ్లబెడతాడు. ముందు వరుసలోని ముసలావిడకు వచ్చిన సందేహం ఆమె అడిగేలోగా అతనే అడిగేస్తాడు. అతనికి జవాబు చెప్పడానికే కథకుడు ఆగుతాడు, ఊపిరి పీల్చుకుంటాడు, కురుక్షేత్రం నుంచి ఊళ్లోకి దిగొస్తాడు. కథలో లోకం గురించిన చురకలు పడేది ఇలాంటి సందుల్లోనే.

సోవియట్ సహకారంతో ఉక్కు కర్మాగారం కట్టాలని 1955లో ఒప్పందం కుదిరాక భిలాయ్‌కి దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలూ వాటిలో ఉన్నాయి. 2008లో శాసనసభ నియోజకవర్గమైన వైశాలి నగర్ ఈ పట్టణంలోనిదే. ఊరికి ఉత్తరాన 14 కిలోమీటర్ల దూరంలో ఉన్న గనియారిలో 1956లో పుట్టింది తీజన్ బాయి. కర్మాగారం ఒప్పందం కంటే ఏడాది చిన్నదనుకోవచ్చు.

ఆమె కథ తెలిసినదే. తాత బ్రిజ్‌లాల్ పాడుతుంటే విని నేర్చుకుంది. బడికి పోలేదు. పండవానీలో రెండు పద్ధతులున్నాయి. సబల్ సింగ్ చౌహాన్ భారతాన్ని అనుసరించి కూర్చుని చెప్పేది వేదమతి, నిలబడి అభినయించేది కాపాలిక. ఆడవాళ్లు పాడితే గీడితే కూర్చునే పాడాలి. పదమూడేళ్ల తీజన్ లేచి నిలబడింది. మొదటి ప్రదర్శనకు పది రూపాయలు వచ్చాయి, కులం నుంచి వెలీ వచ్చింది. తర్వాత హబీబ్ తన్వీర్ కంట పడింది. శ్యామ్ బెనెగల్ ‘భారత్ ఏక్ ఖోజ్’తో దూరదర్శన్ ప్రేక్షకుల ఇళ్లలోకీ వచ్చింది. భిలాయ్ ఉక్కు కర్మాగారం ఉద్యోగమిచ్చింది. 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్.

ఒక్కదానికీ వంక పెట్టలేం. కానీ పద్మ పురస్కారాల జాబితాలో రాగికి గడి లేదు. అది ఎవరి కుట్రా కాదు, ప్రభుత్వ పత్రాల స్వభావమే అంత. ఒక మనిషి, ఒక పేరు, ఒక ఫొటో. ఇద్దరు మాట్లాడుకుంటేనే నడిచే కళ ఆ గడిలో ఇమడదు. టీవీ కెమెరా కూడా తంబూర వెంటే తిరుగుతుంది. ‘హవ్’ అన్న గొంతు వినిపిస్తుంది, ముఖం ఫ్రేము బయటే ఉండిపోతుంది.

ఈ సంగతి తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. బుర్రకథలో ఉండేది ముగ్గురే. తంబూర పట్టిన కథకుడికి అటొకరు, ఇటొకరు వంతలు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. పాలనాటి యుద్ధం నడుస్తుండగానే రాజకీయం వంత బియ్యం ధర దగ్గరికి లాక్కొస్తాడు. హాస్యం వంత దాన్ని కిందా మీదా చేసి నవ్విస్తాడు. 1940లలో ప్రజా నాట్యమండలి ఈ కళను భుజానికెత్తుకుంది ఆ వెసులుబాటు చూసే. షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయనకు అటూ ఇటూ నిలబడ్డవాళ్ల పేర్లు చెప్పమంటే ఎక్కువమంది తడుముకుంటారు. తర్వాత్తర్వాత కుటుంబ నియంత్రణ ప్రచారానికీ బుర్రకథ దళాలను వాడుకున్నారు. కూలి ఇచ్చేది ప్రభుత్వమే అయినప్పుడు రాజకీయం వంత ఎవరిని ప్రశ్నించాలి?

బృందం పేరును బృందమే కాపాడుకున్న ఉదాహరణ కావాలంటే కాస్త దూరం వెళ్లాలి. ఉకులేలే అనే నాలుగు తీగల బుల్లి వాద్యం 19వ శతాబ్దం చివర్లో, పోర్చుగీసు వలస కూలీల వెంట వచ్చిన వాద్యాల నుంచి హవాయిలో పుట్టింది. దాన్ని ఆటబొమ్మలా చూసే రోజుల్లో, 1985లో, కొందరు సరదాకి ‘ఉకులేలే ఆర్కెస్ట్రా ఆఫ్ గ్రేట్ బ్రిటన్’ పెట్టారు. విందుకెళ్లే సూట్లు, గౌన్లు వేసుకుని వరసగా కూర్చుంటారు. ముఖంలో నవ్వు కనిపించనివ్వకుండా ఒకరి మీద ఒకరు జోకులేసుకుంటారు. వంతులవారీగా పాడతారు. 2009లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో బీబీసీ ప్రామ్స్ కచేరీ చేశారు. జర్మనీ నుంచి నడిచే మరో బృందం ఇంచుమించు అదే పేరుతో తిరుగుతుంటే కోర్టుకెక్కారు. పేరు మీద ట్రేడ్‌మార్క్ హక్కు నిలవలేదు. అయినా ప్రేక్షకులు పొరబడుతున్నారన్న వాదన 2014లో గెలిచింది. వాళ్లలో ఎవరూ తీజన్ బాయి అంత పెద్ద కళాకారులు కాకపోవచ్చు. ‘అందరం కలిస్తేనే ఇది’ అన్న సంగతిని మాత్రం న్యాయమూర్తి ముందు నిలబెట్టగలిగారు.

పండవానీకి ట్రేడ్‌మార్క్ అక్కర్లేదు. కరపత్రం మీద ఐదు పేర్లు అచ్చేయడానికి ఐదు గీతల చోటు చాలు. భిలాయ్ రువాబాంధాకు చెందిన రీతూ వర్మ (తెలుగువాళ్లకు తెలిసిన సినీనటి కాదు) పదేళ్ల వయసులోనే జపాన్‌లో పండవానీ వినిపించింది. ఆమెది వేదమతి పద్ధతి. మోకాళ్ల మీద కూర్చుని, ఒక చేత తంబూర, మరో చేత చిడతలు పట్టుకుని పాడుతుంది. పద్ధతి మారినా పక్కన ‘హవ్’ అనేవాడు తప్పడు. అతను నోరు తెరిచి, ఆ తర్వాత ఏమైందని అడిగితేగానీ పాండవులు లక్క ఇంట్లోంచి బయటపడరు.