ప్రజాభిప్రాయ సేకరణకు జవాబుదారీతనం కావాలి

సంపాదకుల వారికి,

పరిశ్రమకో, గనికో, విద్యుత్ కేంద్రానికో పర్యావరణ అనుమతి ఇచ్చేముందు జరిపే ప్రజాభిప్రాయ సేకరణ ఉత్త తంతుగా మారిందని తరచూ వింటున్నాం. గొడవ చేసే జనానిది తప్పని కొందరు, చెవిన పెట్టని అధికారులదని కొందరు అంటారు. తప్పు ఆ ఏర్పాటులోనే ఉందని నా అభిప్రాయం. 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, కలెక్టరు గానీ అదనపు కలెక్టరుకు తగ్గని అధికారి గానీ సభ నడపాలి, అంతా వీడియో తీయాలి. చదివితే బాగానే ఉంది. కానీ స్థానిక భాషలో తప్పనిసరిగా ఇవ్వాల్సింది పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం ఒక్కటే. సభకు కోరం అక్కర్లేదు. జనం లేవనెత్తిన ముఖ్య అభ్యంతరాలకు ప్రాజెక్టు సంస్థ తుది నివేదికలో సమాధానం చెప్పాలి, నిజమే; ఆ సమాధానాన్ని మళ్లీ ఆ ఊరికి తెచ్చి వినిపించాలన్న నియమం మాత్రం లేదు. అసలు లోటు ఇదే.

శ్రీకాకుళం జిల్లా సోంపేటలో ఏం జరిగిందో చూడండి. స్థానికులు బీల అని పిలుచుకునే చిత్తడి నేలలో థర్మల్ కేంద్రం వద్దని 2009 ఆగస్టు నాటి సేకరణలోనే రైతులు, మత్స్యకారులు చెప్పారు. ఆ నీటి మీదే తమ సాగు, చేపల వేట నడుస్తున్నాయన్నారు. అయినా అనుమతి వచ్చింది. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఊరివాళ్లు ప్రాణాలు కోల్పోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది. సభలో ఉచితంగా దొరికిన సమాచారాన్ని పక్కన పెట్టినందుకు ఎంత మూల్యం చెల్లించాం! సాంకేతిక విషయాలు పల్లె జనానికి ఏం తెలుస్తాయనే వారికి ఇంతకన్నా వేరే సమాధానం అక్కర్లేదు. బాయిలరు పనితీరు ఇంజనీరుకు తెలుస్తుంది. ఏ వానకు నీళ్లు ఎక్కడ నిలుస్తాయో అక్కడ దున్నేవాడికే తెలుస్తుంది. నిర్ణయానికి ఈ రెండూ కావాలి.

ప్రజల్ని అడుగుతూ కూర్చుంటే ప్రాజెక్టులు ఆలస్యమవుతాయన్నది గట్టి అభ్యంతరమే. అయితే ఒడిశాలోని నియమగిరి అనుభవం మరోలా ఉంది. బాక్సైట్ గనికి అనుమతి తేలకముందే కొండ దిగువన లంజిగఢ్‌లో శుద్ధి కర్మాగారం కట్టేశారు. ముడి ఖనిజం చాలక 2012 డిసెంబరులో దాన్ని కొంతకాలం ఆపేయాల్సి వచ్చింది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గని విషయాన్ని గ్రామసభలకు వదిలింది. జిల్లా జడ్జి స్థాయి పరిశీలకుల ఎదుట 12 గ్రామసభలు జరిగాయి, పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. ఆ సభలు కొన్ని వారాల్లోనే ముగిశాయి. మొదటే అడిగి ఉంటే కంపెనీ డబ్బూ మిగిలేది. బయటివాళ్లు వచ్చి సభల్ని రెచ్చగొడతారన్న అనుమానానికీ జవాబు అక్కడే ఉంది. జిల్లా మొత్తానికి ఒకే షామియానా, ఒకే మైకు, ఒకే పూట అయితే తోపులాట తప్పదు. ఏ ఊరి సభ ఆ ఊళ్లో పెడితే ఎవరు స్థానికులో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఓటు వేసి ఎమ్మెల్యేను పంపాక మళ్లీ ఈ సభలెందుకన్న వాదనా ఉంది. ఐదేళ్లకొకసారి వేసే ఓటు వంద విషయాల మీద కలగలుపు తీర్పు. ఫలానా చెరువు పక్కన ఫలానా కర్మాగారం రావాలా వద్దా అన్నది అందులో లేదు. నియమగిరిలో అటవీ హక్కుల చట్టం ఉంది కాబట్టి గ్రామసభ మాట చెల్లింది. ప్రతి ఊరికీ ప్రతి ప్రాజెక్టునూ ఆపే అధికారం ఇవ్వమని నేను అనడం లేదు. ఊరి మాటను కాదనే హక్కు ప్రభుత్వానికి ఉండనివ్వండి, ఎందుకు కాదన్నదో చెప్పే బాధ్యత కూడా దానికి ఉండాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ నోటిఫికేషన్ మారేదాకా ఆగనక్కర్లేదు. పూర్తి నివేదికను తెలుగులో ముందుగానే పంచాయతీ కార్యాలయాల్లో ఉంచవచ్చు; ప్రభావిత గ్రామాల్లో విడివిడిగా గ్రామసభలు పెట్టవచ్చు; ఏ అభ్యంతరాన్ని ఒప్పుకున్నారో, దేన్ని ఎందుకు తోసిపుచ్చారో రాతపూర్వకంగా తెలిపి అదే ఊళ్లో చదివి వినిపించవచ్చు. మీ పత్రికకూ ఒక విన్నపం: సేకరణ తేదీతో పాటు ఆ నివేదికలోని ముఖ్యాంశాలను జిల్లా పేజీల్లో ముందే ప్రచురించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
శ్రీకాకుళం