ముందు కంఠస్థము, పిమ్మట విచారణయట!

చొప్పదండి అంగడిలో నిలిచి విన్నను, కరీంనగరము పోవు బస్సులో కూర్చుండి విన్నను, బైపీసీ చదువు బిడ్డ గల వారి నోట వినవచ్చు మాట ఒక్కటే: “ముందుగాల బట్టీ పట్టు, సీటు కొట్టు, ఆలోచించుడు తర్వాత చూస్కుందువు.” 2008లో ఆదిలాబాదున రిమ్స్ వెలయువరకు కరీంనగరము, ఆదిలాబాదు అను రెండు పాత జిల్లాలలో ప్రభుత్వ వైద్యకళాశాల యనునదే లేకుండెను, 2022, 2023 సంవత్సరములలో జగిత్యాల, రామగుండము, మంచిర్యాల, కరీంనగరము, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాదులందు అవి వరుసగా ప్రారంభమైనవి. ఇది మిక్కిలి సంతోషింపదగిన విషయము. అయితే కళాశాలలతోపాటు పైని చెప్పిన మాట కూడ ఊరూర సిద్ధాంతమై కూర్చున్నది. తల్లిదండ్రులు దానిని నమ్ముచున్నారు, కోచింగు సెంటర్లు దానిని అమ్ముచున్నవి, సీనియర్లు జూనియర్లకు ఉపదేశించుచున్నారు. ఆ సిద్ధాంతము తప్పనియు, దానివలని నష్టము విద్యార్థికంటె రోగికే అధికమనియు నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

పూర్వపక్షమును న్యాయముగనే వినిపింతము. వైద్యశాస్త్రము అపారము, ఎముకల పేర్లు, నరముల మార్గములు, మందుల మోతాదులు తర్కముచే పుట్టునవి కావు, ధారణచే నిలుపుకొనవలసినవి. పైగా నీట్ పరీక్షలో 180 నిమిషములలో 180 ప్రశ్నలకు సమాధానములు గుర్తింపవలెను. ఒప్పునకు నాలుగు మార్కులు వచ్చును, తప్పునకు ఒకటి పోవును. అచట ఆగి ఆలోచించువాడు వెనుకబడును. కావున మొదట విషయము నింపుకొని, విమర్శనాబుద్ధిని హౌస్ సర్జన్సీ నాటికి వాయిదా వేయుటయే వివేకమని వారి వాదము. ఇందు సగము సత్యమున్నది: విషయజ్ఞానము లేని విచారణ వట్టి మాటకారితనము. కాని నింపుకొన్న విషయము, పిలిచినప్పుడెల్ల తనంత తానే వచ్చి నిలుచుననుకొనుట తక్కిన సగములోని భ్రమ.

పత్తిచేలకు మందు కొట్టు రోజులు. పొద్దుగూకువేళ ఒక కూలిని ఆటోలో వేసికొని ఆసుపత్రికి తెచ్చినారనుకొందము. వాంతులు, విరేచనములు, కడుపునొప్పి, ఒళ్లంతయు చెమట. వానకాలమాయె; వాంతులు, విరేచనములనగానే కలుషితాహారమను సమాధానము, సెలైను అను చికిత్స, వల్లెవేసిన విద్యార్థి నాలుక చివరనే యున్నవి. పురుగుమందు విషలక్షణములు కూడ ఆతడు ఏకరువు పెట్టగలడు, వానికి మార్కులును తెచ్చుకొన్నాడు. కాని అవి విషముల అధ్యాయములో నేర్చినవి, ఈ రోగి యేమో వాంతుల అధ్యాయములో వచ్చినాడు! విషము త్రాగితినని ఎవ్వరును చెప్పలేదు. చర్మము గుండ, ఊపిరి గుండ కూడ అది ఒంట చేరునని ఎవ్వరును తలపోయలేదు.

విచారణ నేర్చినవాడు ఇచ్చట ఒక్క క్షణమాగును. ఇంత నీరు కోల్పోయినవాని నోరు ఎండిపోవలెను గదా, ఇతని నోట చొంగ కారుచున్నదేల? అంతట టార్చి తీసి కనురెప్ప లేపి చూచును. మసకవెలుతురులో విప్పారవలసిన కంటిపాప గుండుసూది మొనయంత యైనది. “అన్నా, ఇయ్యాల ఏం పనికి పోయినవ్? చేన్ల మందు కొట్టినవా?” అను ప్రశ్న అప్పుడు పుట్టును. దానితో వ్యాధిపేరు మారును, చికిత్స మారును. ఇతనిని రక్షించినది అదనముగా నేర్చిన విషయము కాదు, కుదరని లక్షణమును కుదరలేదని గుర్తించిన బుద్ధి.

ఆలోచించుటకు తీరికలేదను వాదమునకు కూడ ఇందే సమాధానమున్నది. ఈ విషములు ఎసిటైల్‌కోలిన్ అను నరముల రసాయనమును విరిచివేయు ఎంజైమును స్తంభింపజేయును. ఆ రసాయనము పేరుకొనగా చెమట, లాలాజలము, కన్నీరు, ఊపిరితిత్తులలోని స్రావములు అన్నియు పొంగును. కారణ మెరిగినవానికి లక్షణముల పట్టికను వల్లెవేయు పని తగ్గును. ఒకటి తలచిన తక్కినవి వెంట వచ్చును. “ఎందుకు?” అని అడుగుట ధారణకు శత్రువు కాదు, దానికి ఆధారము.

ఇక, ఆలోచన డాక్టరుది, ఆజ్ఞాపాలన నర్సుది యని మరియొక మాట కలదు. ఆ కూలికే విరుగుడుగా ఎట్రోపిన్ ఇచ్చుచున్నారు. తొలి మోతాదు పుస్తకములో నుండును. ఎంతతో ఆపవలెనో రోగి ఛాతీ చెప్పవలెను. ఊపిరితిత్తుల గురగుర తీరునంతవరకు మందు పెంచవలెను. నడిరేయి వార్డులో ఆ గురగుర మరల వినవచ్చినచో మందు చాలలేదని అర్థము. ఒళ్లు కాలుచు, చర్మమెండి, రోగి సంధి మాటలు పలుకుచు పక్కబట్టలు లాగుచుండెనేని మందు మితిమీరినదని అర్థము. ఆ వేళ మంచము ప్రక్కనున్నది నర్సు. ఆమె ఆలోచింపరాదనువారు ఎవరి ప్రాణముతో పందెమాడుచున్నారు?

వల్లెవేతయే మన సంప్రదాయమని కొందరు గర్వముగ చెప్పుదురు. కాని చరకసంహిత విమానస్థానము ఎనిమిదవ అధ్యాయములో తోటి వైద్యులతోడి సంభాషను జ్ఞానవర్ధకమని కొనియాడి, స్నేహపూర్వకము, వాదపూర్వకము అను దాని రెండు విధములను వివరించినారు. సుశ్రుతము రోగిపై కత్తి పెట్టుటకు ముందు గుమ్మడి, సొర, దోసకాయలపై కోత నేర్వుమన్నది. చర్చ, సాధన లేని చదువును ఆ గ్రంథముల పేర సమర్థించుట వానికే అపచారము.

ఆధునికుల సంగతియు నంతియే. చర్మము నల్లబారి పొలుసులూడు పెల్లాగ్రా వ్యాధి మొక్కజొన్న తినువారిదని గ్రంథములు చెప్పుచుండగా, జొన్న తిను మన దక్కను పేదలకు అది యేల వచ్చునని హైదరాబాదు పోషకాహార పరిశోధనశాలలో గోపాలన్, శ్రీకంఠయ్య గారలు ప్రశ్నించి, 1960లో జొన్నలోని లూసిన్ అను అమైనో ఆమ్లమును కారణముగ ప్రతిపాదించిరి. వారి సమాధానముపై పిమ్మట వాదములు చెలరేగినవి. కాని గ్రంథమునకును రోగికిని పొత్తు కుదరనపుడు రోగినే నమ్మిన ఆ ప్రశ్న నేటికిని ఆదర్శమే.

2019 నుండి జాతీయ పాఠ్యప్రణాళిక తొలి ఏడాదిలోనే విద్యార్థిని రోగి చెంతకు పంపుచున్నది. ఉద్దేశము మంచిదే, ఐనను “ముందు బట్టీ” అను నమ్మకము చెక్కుచెదరనంతకాలము అదియు రికార్డు పుస్తకము నింపు మరియొక పనియే యగును. కావలసినది పెద్ద ఏర్పాటు కాదు. వార్డులో గురువు “వ్యాధి యేది?” అని అడిగి ఊరకుండక, “మరేమి కావచ్చును? ఏ లక్షణము దీనికి కుదరలేదు?” అని కూడ అడుగవలెను. విద్యార్థి పుస్తకమును పదిమారులు తిరుగవేయుటకు బదులు మూసి, చదివినది తన మాటలలో వ్రాసి, తప్పినచోట మరల తెరువవలెను. కొన్ని దినములాగి తిరిగి పరీక్షించుకొనవలెను. మిత్రునకు చెప్పి అతని ఆక్షేపణలు వినవలెను. పరీక్షకుడు సమాధానమునకేగాక హేతువునకును మార్కులీయవలెను.

విచారణ చదువు ముగిసినపిమ్మట తొడుగుకొను తెల్లకోటు కాదు, చదువు పద్ధతియే అది. కావున దాని ఆరంభము హౌస్ సర్జన్సీలో కాదు, చొప్పదండి నవోదయలో పదునొకండవ తరగతి జీవశాస్త్రము తెరచిన మొదటి దినముననే, “ఇట్లేల?” అని చేయెత్తిన పిల్లవానిని “సిలబసు కానియ్యి” అని కూర్చుండబెట్టకుండుటలో.