మూటకంటె ముందు బాట

సైకిలుపై సామాను కట్టుకొని, పెద్ద రహదారులను విడిచి, కాలువగట్ల వెంటను అడవిదారుల వెంటను కొన్ని దినములపాటు సాగించు యాత్రకు ఈనాడు బైక్‌ప్యాకింగ్ అని పేరు. యువజనులలో దీనిపై మక్కువ పెరుగుట హర్షింపదగినదే. కాని బయలుదేరదలచినవారు మొదట వేయు ప్రశ్న "ఏ సంచి కొనవలెను?" అనునదిగా నున్నది. హ్యాండిలు సంచి, ఫ్రేము సంచి, సీటు సంచి మూడును ఇల్లు చేరిన పిమ్మటగాని ఎచ్చటికి పోవలెనను ఆలోచన పుట్టుట లేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లున్నది ఈ సన్నాహము.

బాటయే మూటను నిర్ణయింపవలెను. ఇది డబ్బు పొదుపునకు సంబంధించిన మాట మాత్రమే కాదు. ఘాటురోడ్డు దిగునపుడును, ఎండలో నీరు దొరకనపుడును ప్రాణమునకు సంబంధించిన మాట.

సైకిలు యాత్రల చరిత్ర ఇందుకు సాక్ష్యము. 1884లో శాన్‌ఫ్రాన్సిస్కో నుండి ప్రపంచయాత్రకు బయలుదేరిన థామస్ స్టీవెన్స్ ఎక్కినది ముందు చక్రము పెద్దదిగా నుండు ఆనాటి సైకిలు. హ్యాండిలుకు కట్టిన సంచిలో మేజోళ్ళు, మారు చొక్కా, ఒక రివాల్వరు, ఒక వానకోటు ఉండెను. రాత్రివేళ ఆ కోటే ఆయనకు పరుపును, గుడారమును. 1886 డిసెంబరులో ఆయన జపానులోని యొకొహామా చేరెను.

1897లో అమెరికా సైన్యమునందలి 25వ పదాతిదళమునకు చెందిన 20 మంది నల్లజాతి సైనికులు, లెఫ్టినెంట్ జేమ్స్ మాస్ నాయకత్వమున, మోంటానా నుండి సెయింట్ లూయిస్ వరకు సుమారు 1,900 మైళ్ళు 41 దినములలో సైకిళ్ళపై పోయిరి. ఫ్రేము నడుమ అమర్చిన తోలుపెట్టె, హ్యాండిలుపై చుట్టిన దుప్పటి నేటి సంచులకు పూర్వరూపములే. అయితే వారి బరువు తగ్గుటకు కారణము ఆ పెట్టె కాదు. సుమారు నూరేసి మైళ్ళకొకచోట ఆహారము ముందుగా చేర్చబడుటచే వారు రెండు దినముల తిండి మాత్రమే మోసిరి. నెబ్రాస్కా ఇసుకమెట్టలలో చక్రములు కదలక వారు రైలుపట్టాల వెంట పోవలసివచ్చెను; అచ్చటి చౌడునీరు త్రాగి జబ్బుపడిరి. ఎంత మంచి పెట్టెయైనను ఆ నీటిని మార్చజాలదు గదా!

1963లో ఐర్లండు నుండి భారతదేశమునకు ఒంటరిగా సైకిలుపై వచ్చిన డెర్వ్లా మర్ఫీ, ఆసియా రోడ్ల తాకిడికి ఆగవని తలచి, తన సైకిలు గేర్లను ముందే తీయించివేసిరి. విడి టైర్లను దారిలోని ఊళ్ళకు ముందుగా పంపుకొనిరి. సైకిలుకు ఒకటి చేర్చుటకంటె ఒకటి తగ్గించుట మేలని ఆమెకు తోచుటకు కారణము, పోవలసిన దారిని ముందుగా ఊహించుకొనుటయే.

తెలుగునాట మూడు దారులను తీసికొని చూచినను ఇదే తేలును. ధవళేశ్వరము దిగువన కోనసీమ కాలువగట్లు సమతలములు. ఊరి తరువాత ఊరు, టీ దుకాణము, పంక్చరు వేయువాడు తగులుచునే యుందురు. అచ్చట గుడారము, పొయ్యి మోయుట దండుగ. పంపు, ప్యాచీలు, ఒక మారు బట్ట చాలును. వానకాలమున మాత్రము జిగురుమట్టి మడ్‌గార్డునకును చక్రమునకును నడుమ కూరుకొని సైకిలును ముందుకు పోనీయదు. అప్పుడు చేయదగినది గట్టు దిగి తారురోడ్డు పట్టుటయే.

మన్ననూరు నుండి నల్లమల మీదుగా శ్రీశైలము పోవుదారి వేరు. అది పెద్దపులుల అభయారణ్యము. రాత్రివేళ రాకపోకలకు అనుమతి లేదు. ఇష్టము వచ్చినచోట గుడారము వేయుటకు వీలులేదు గనుక, దానిని మోయుట వ్యర్థము. ఇచ్చట కావలసినవి రెండు: వేకువనే బయలుదేరుట, వేసవిలో నాలుగైదు లీటర్ల నీరు. ఆ నీరే నాలుగైదు కిలోల బరువు. దానికి చోటు కావలెనన్న బట్టలు తగ్గవలెను.

శృంగవరపుకోట నుండి అనంతగిరి ఘాటు ఎక్కి అరకు చేరువారికి ప్రతి కిలోయు తెలిసివచ్చును. లోయ సుమారు 900 మీటర్ల ఎత్తుననున్నది; డిసెంబరు చలికి ఉన్ని స్వెటరు తప్పదు. ఎక్కుటకంటె దిగుట ప్రమాదము. బరువుతో దిగునపుడు బ్రేకును విడువక నొక్కినచో రిమ్ము వేడెక్కును. అరిగిన బ్రేకు కట్టలు పట్టు తప్పును. ఈ దారికి కొత్త సంచికంటె కొత్త బ్రేకు కట్టలు ముఖ్యము.

స్త్రీలు యాత్ర చేయునపుడు ఈ లెక్కలో మరియొక అంకము చేరును. పురుషుడు బడి అరుగుమీదనో, గుడి మండపముననో రాత్రి గడిపివేయగలడు. స్త్రీకి నమ్మకమైన బస ముందు కుదురవలెను. ఆ బసల నడుమ దూరమును బట్టియే దినమునకు ఎంత తొక్కవలెనో తేలును. ఈ సంగతిని ప్రస్తావింపని సామాను జాబితా సగము జాబితాయే.

అట్లని సంచుల విషయమున శాస్త్రము లేదనుట సరికాదు. రాళ్ళదారిలో క్యారియరుకు ఇరువైపుల వ్రేలాడు సంచులు రాళ్ళకు, పొదలకు తగులును. కుదుపునకు క్యారియరు మేకులు సడలును. ఫ్రేమునకు బిగించి కట్టు సంచులే అచ్చట మేలు. నీరు, పనిముట్లు మొదలగు బరువైనవి ఫ్రేము నడుమ క్రిందుగా నుండవలెను. దుప్పటివంటి తేలికవి హ్యాండిలుకు కట్టవచ్చునుగాని, బ్రేకు తీగలకు అడ్డురాకూడదు. సీటు వెనుక బరువు పెంచి వదులుగా కట్టినచో, మలుపులో అది తోకవలె ఊగి సైకిలును ప్రక్కకు లాగును. వీపున సంచి తగిలించుకొన్నచో మొదట నొచ్చునది నడుము.

ఈ సూత్రములు తెలిసినవారికి ఖరీదైన సంచి తప్పనిసరి కాదు. ఫ్రేము నడుమ అట్ట పెట్టి కొలత గీసి యిచ్చినచో, మోటారుసైకిళ్ళ సీటు కవర్లు కుట్టువారు రెగ్జినుతోనో టార్పాలినుతోనో సంచి కుట్టి యీయగలరు. లోపల ప్లాస్టిక్ కవరులో బట్టలు పెట్టినచో వానకు తడియవు. టైరు విషయమునను ఇంతే. 28 అంగుళముల పాతకాలపు సైకిలు టైరు పల్లెలలో దొరకుటకు అవకాశమెక్కువ. విదేశీ కొలత టైరు చినిగినచో నగరమునకు పోక తప్పదు. మారుమూల దారికి బయలుదేరువాడు దారిలో బాగుచేయగల వస్తువునే ఎన్నుకొనవలెను.

ఖరీదైన సామాను కొనగలవారు కొందురు. అందు తప్పు లేదు. తప్పెచ్చటనన్న, అది లేనిదే యాత్ర లేదను భ్రమను వ్యాపింపజేయుటలో నున్నది. ఆ భ్రమవలన చిన్న పట్టణమునందలి విద్యార్థి తన పాత సైకిలును చూచి, ఈ వేడుక తనది కాదని వెనుదీయుచున్నాడు. ఆ వీధిలోనే పాలవాడు రెండు బిందెలను, బట్టల వర్తకుడు తన మూటను క్యారియరుకు కట్టుకొని తరతరములుగా ఊరూర తిరిగియున్నారు. బరువును ఎట్లు కట్టవలెనో వారికి తెలియును. ఏ ఊరి చెరువు నీరు మంచిదో, ఏ వాగు ఎప్పుడు పొంగునో తెలియును. యాత్రకు బయలుదేరువాడు దుకాణమునకు పోవుటకు ముందు అట్టివారిని ఒక పూట అడిగి తెలిసికొనుట మంచిది. పిమ్మట ఒక కాగితముపై ఊళ్ళ పేర్లు, వాని నడుమ దూరములు, నీరు దొరకుచోట్లు, రాత్రి బసలు వ్రాసికొనవలెను. ఆ కాగితము పూర్తియైన తరువాత ఎంత సంచి కావలెనో ఎవరిని అడుగవలసిన పని యుండదు.