పెట్టే చెయ్యే చదవాలి

మా పనస ఉండలా చుట్టుకోలేకపోయింది. ఈ గొడవంతా అక్కడే మొదలైంది.

పనస అంటే పండు కాదండీ, మా అమ్మాయి పెంచుకుంటున్న హెడ్జ్‌హాగ్. ఒళ్ళంతా ముళ్ళున్నాయని తనే ఆ పేరు పెట్టింది. మా అత్తగారు మాత్రం రాజమండ్రి నుంచి వచ్చినప్పుడల్లా "ముళ్ళపంది పిల్ల" అంటారు. నిజానికి ఇది ముళ్ళపంది కాదు. ముళ్ళపంది ఎలుకల జాతిది, దుంపలూ వేళ్ళూ తింటుంది. ఇది పురుగులు తినే జాతి. ఈ తేడా కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది. మేముండేది టెక్సాస్‌లో కాబట్టి పెంచుకోనిచ్చారు. కాలిఫోర్నియాలో అయితే చట్టం ఒప్పుకోదు.

భయమేస్తే ముళ్ళ బంతిలా చుట్టుకోవడం ఒక్కటే దానికి దేవుడిచ్చిన రక్షణ. పోయిన వేసవిలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, ఆ బల్ల మీద చుట్టుకోవాలని నానా తంటాలూ పడింది. బంతి మూతపడలేదు. పొట్ట బయటే ఉండిపోయింది. చంకల దగ్గర కొవ్వు ముద్దలు. 410 గ్రాములుండేది కాస్తా 590 అయింది. ఇలాగే సాగితే కాలేయానికి కొవ్వు పడుతుందని చెప్పి, "ఏం పెడుతున్నారు?" అని అడిగింది డాక్టరమ్మ.

మా వారు నా వైపు చూశారు. మా అమ్మాయీ నా వైపే చూసింది.

ఆ రెండు చూపులకీ జవాబు చెప్పడానికే ఈరోజు రాస్తున్నాను.

రోజూ రాత్రి దాని గిన్నెలో కొలిచి పెట్టేది నేనే, నిజమే. కానీ ఆఫీసు నుంచి రాగానే మా వారు ఒక యోగర్ట్ బిళ్ళ ఇస్తారు. అమ్మాయి హోంవర్క్ చేస్తూ గుప్పెడు ఎండు మీల్‌వార్మ్స్ వేస్తుంది. అత్తగారున్న ఆరు నెలలూ సాసర్‌లో పాలు, పైన ఓ కిస్‌మిస్ పండు. ఎవరినడిగినా ఒకటే మాట: "ఒక్కటేగా!"

ఆ ఒక్కటి ఎంతో లెక్క వేద్దాం. నా బరువు 60 కిలోలు, దానిది 400 గ్రాములు అనుకోండి. నేను దానికి 150 రెట్లు. రెండు గ్రాముల బిళ్ళ దాని నోట్లో పెట్టడమంటే నా చేత 300 గ్రాముల మిఠాయి తినిపించడం. రోజూ. భోజనం పెట్టాక.

సరే, ఆ బిళ్ళలో ఏముంది? ప్యాకెట్ ముందు వైపు ముద్దొచ్చే బొమ్మలు: కుందేలు, హ్యామ్‌స్టర్, పక్కన హెడ్జ్‌హాగ్. గడ్డి తినేదానికీ, గింజలు తినేదానికీ, పురుగులు తినేదానికీ ఒకటే మిఠాయట! మా అత్తగారు పొరపడ్డారంటే అర్థముంది. అమ్మేవాడు కూడా పొరపడతాడా? వెనక్కి తిప్పితే మొదటి పేరు చక్కెర, రెండోది పామ్ కెర్నెల్ నూనె, మూడోది పాల పొడి. అమెరికాలో ఈ జాబితా బరువు ప్రకారం రాయాలి, ఎక్కువున్నది ముందు. అంటే అది చక్కెర బిళ్ళే. పెరుగు పేరుకి మాత్రమే. పైగా ఎదిగిన హెడ్జ్‌హాగ్‌కి పాలు అరగవు, విరేచనాలవుతాయి. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ అసలు దగ్గరికే రానివ్వకూడదు. వేరుశెనగ పలుకులాంటివి అంగిట్లో ఇరుక్కుంటాయి.

మీల్‌వార్మ్స్ సహజమైన తిండే కదా అంటుంది మా అమ్మాయి. సహజమే. కానీ వాటిలో కొవ్వు ఎక్కువ, కాల్షియం కన్నా ఫాస్ఫరస్ చాలా ఎక్కువ. నెయ్యి కూడా సహజమే, గిన్నెడు తాగుతామా?

ముందు వైపు అక్షరాలు ఇంకా చిత్రం. పెట్ ఫుడ్ మీద "చికెన్ డిన్నర్" అని రాయాలంటే చికెన్ 25 శాతం ఉండాలి. "విత్ చికెన్" అంటే 3 శాతం చాలు. "చికెన్ ఫ్లేవర్" అంటే ఇంతని లెక్కే లేదు, రుచి తెలిస్తే చాలు. "ప్రీమియం" అన్న మాటకి చట్టంలో అర్థమే లేదు. ఇక పోషకాలంటారా, ఇక్కడి ఫీడ్ కంట్రోల్ అధికారుల సంఘం ఆఫ్కో ప్రమాణాలు పెట్టింది కుక్కలకీ, పిల్లులకీ మాత్రమే. హెడ్జ్‌హాగ్‌కి లేనే లేవు. అందుకే చాలామంది మంచి పిల్లి తిండే కొలిచి పెడతారు. బొమ్మని చూసి కొంటే మనం కొన్నది బొమ్మే.

వెనక అంకెల్లోనూ ఓ మడత పేచీ ఉంది. డబ్బా మీద "కొవ్వు కనీసం 5 శాతం" అని ఉంటే అబ్బో తక్కువే అనుకుంటాం. కిందనే తేమ 78 శాతం అని ఉంటుంది. నీళ్ళు తీసేస్తే మిగిలేది 22 పాళ్ళు, అందులో 5 అంటే దాదాపు 23 శాతం కొవ్వు! అదీ "కనీసం". ఎంతవరకూ ఉండొచ్చో వాళ్ళు చెప్పరు.

"మన ఊళ్ళో కుక్కకి పెరుగన్నం పెట్టలేదూ? అప్పుడు లేబుల్ ఎవరు చదివారు?" అంటారు అత్తగారు. నిజమే అత్తయ్యా, చదవలేదు. ఆ అన్నం మీరే వండారు, ఆ పెరుగు మీరే తోడేశారు. అందులో ఏముందో మీ చేతికి తెలుసు. ఈ ప్యాకెట్ ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్ళు చేశారు. "ఇందులో ఏం వేశావమ్మా?" అని వాళ్ళని అడగడానికి మనకున్న దారి ఆ వెనక వైపు చిన్న అక్షరాలే.

ఇప్పుడు ఆ చూపుల సంగతి. ముద్దు చేసేది అందరూ, చదవాల్సింది మాత్రం అమ్మ. పిల్లల లంచ్ బాక్సు దగ్గర్నుంచి మావగారి షుగరు దాకా మనిళ్ళల్లో ఇదే వరస. ఇంగువ డబ్బాలో గోధుమపిండి ఉందా అని చూసేది మనమే. ఎవరికైనా తేడా చేస్తే జవాబు చెప్పాల్సిందీ మనమే. ప్రేమ వాళ్ళ ఖాతాలో, బాధ్యత మన ఖాతాలోనా? దీన్ని ఓర్పు అని మెచ్చుకుంటూ కూర్చుంటే అది ఎప్పటికీ మన పనే అయిపోతుంది. చదవడం కళ్ళున్న ప్రతివాళ్ళకీ వస్తుంది.

అందుకని మా ఇంట్లో ఒకటే నియమం పెట్టాను. పనసకి ఏదైనా కొంటే వెనక వైపు పైకి చదివి వినిపించి కొనాలి. ఏదైనా పెడితే ఫ్రిజ్ మీద కాగితంలో రాయాలి. వారానికి రెండుసార్లు ఉప్పూ నూనే లేని ఉడికిన చికెన్ ముక్కో, గుడ్డు ముక్కో, గుమ్మడికాయ ముక్కో, అదీ చిటికెన వేలి గోరంత. ఒకటో రెండో మీల్‌వార్మ్స్. మొదటి వారం అందరూ అలిగారు. అలగనిచ్చాను.

సంక్రాంతికి 480 గ్రాములకి దిగింది. మా అమ్మాయి తుమ్మితే ఉలిక్కిపడి చుట్టుకుంది, పూర్తిగా, ఎక్కడా సందు లేకుండా. మొన్న మా వారు షాపు నుంచి ఫొటో పంపారు, ప్యాకెట్ వెనక వైపుది. కింద ఒక్క లైను: "రెండో పేరే చక్కెర. అక్కడే పెట్టేశా."

మీ ఇంట్లో ఉన్నది కుక్కపిల్ల కావచ్చు, చిలక కావచ్చు, షుగరున్న మావగారే కావచ్చు. ఈసారి ఎవరైనా ప్యాకెట్ తెచ్చి మీ చేతిలో పెడితే, చదవకండి. వెనక్కి తిప్పి వాళ్ళ చేతికే ఇవ్వండి.