దాచుకోండి గానీ, తడిగా దాచకండి

పర్సనల్ మసాజర్ అనగానే చెవులు మూసుకునే అక్కలూ! అశ్లీలమని కస్టమ్స్ వాళ్లు ఆపిన బాడీ మసాజర్లను నిషేధించలేరని బొంబాయి హైకోర్టే 2024లో తేల్చింది. ముద్దుపళని స్త్రీ కోరిక గురించి 18వ శతాబ్దంలోనే రాసింది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ రాధికా సాంత్వనాన్ని అచ్చువేయిస్తే తెల్లదొరలు నిషేధించారు. దొరలు పోయారు, మన గుసగుసలు పోలేదు. అడగడానికి సిగ్గుపడి ఘాటు వాసనొచ్చే చవక రబ్బరు కొంటాం, మంటపుడితే డాక్టరుకీ చెప్పం. ఏం మర్యాద ఇది?

మెడికల్ సిలికాన్‌దే కొనండి. దానికి సిలికాన్ జెల్ పడదు, నీళ్ల జెల్ వాడండి. వాడేముందూ, వాడాకా సబ్బునీళ్లతో కడగాలి, చార్జింగ్ రంధ్రం తడవకుండా. మా అరకు ముసురులో తడిగా చీరమడతల్లో పెడితే బూజే! ఒకరిది ఒకరు వాడొద్దు. నొప్పి, రక్తం కనిపిస్తే ఆపేసి, ఉన్నదున్నట్టు డాక్టరమ్మకు చెప్పండి.