ప్రయాణపు పెట్టెలో టెన్నిసు రాకెట్టు



విదేశమునకు కాపురమునకు బోవు పిల్లకు పెట్టె సర్దుట మన యిండ్లలో మఱియొక పెండ్లిపని వంటిది. చాల విమానసంస్థలు పెట్టె యొక్కింటికి 23 కిలోలకు మించి యొప్పుకొనవు. ఊరగాయ జాడీ నొకసారి, రాగిపిండి సంచి నొకసారి పెట్టుచు తీయుచు తల్లులు పడు పాట్లు మా పెద్దపంజాణిలోను గలవు. అట్టి సమయమున, బెంగుళూరులో చదువుకొనునపుడు టెన్నిసు నేర్చిన పిల్ల "నా రాకెట్టును గూడ పెట్టుకొందు" నన్నచో, "పెండ్లియైనదానికి బంతియాట లేమిటికే?" యను మాట యింటిలో నెవరో యొకరి నోట వచ్చును. ఈ నెల నా మాటకు సమాధానము వ్రాయదలచితిని.

బంతియాట మన స్త్రీలకు క్రొత్తది కాదు. సంస్కృతమున దండి రచించిన దశకుమారచరితమును కేతన తెనిగించెను. దండి చెప్పిన మిత్రగుప్తుని కథలో కందుకావతి యను రాజకుమారి గలదు. ఏడవయేటినుండి వివాహమగువఱకు ప్రతిమాసము కృత్తికా నక్షత్రమునాడు దేవి యెదుట బంతియాడి, గుణవంతుడైన భర్తను కోరవలెనని యామెకు నియమము. ఎంత మనోహరమైన వ్రతము! కాని "వివాహమగువఱకు" నను గడువును గమనింపుడు. వరుడు దొరకినంతనే బంతితో పని తీరినది! ఆ గడువును మన మిప్పటికిని పాటించుచున్నాము.

పాటింపనివారును గలరు. సత్యాగ్రహగీతను సంస్కృతమున రచించిన బొంబాయి విదుషీమణి పండిత క్షమారావు గారు టెన్నిసునందును ప్రవీణురాలు. ఆమె కుమార్తె లీలా రావు 1934లో ఇంగ్లండునందలి వింబుల్డన్ పోటీలలో నొక ఆట గెలిచెను. అచ్చట గెలిచిన మొదటి భారతస్త్రీ యామెయే. శ్లోకము వ్రాసిన చేయి రాకెట్టు పట్టుట తప్పుకాలేదు. తల్లినుండి కూతునకు విద్యతోపాటు ఆటయు సంక్రమించినది.

మన హైదరాబాదు సానియా మీర్జా చరిత్ర మీ రెఱుగనిది కాదు. 2003లో వింబుల్డన్ బాలికల జంటపోటీని రష్యా బాలిక అలీసా క్లేబనోవాతో గూడి గెలిచెను. 2015లో స్విట్జర్లండు క్రీడాకారిణి మార్టినా హింగిస్‌తో గూడి అచ్చటనే స్త్రీల జంటపోటీని గెలిచెను. 2018 అక్టోబరులో కుమారుని గని, 2020 జనవరిలో ఆస్ట్రేలియాలోని హోబర్టు నగరమున మరల రాకెట్టు పట్టి, ఉక్రెయిను స్త్రీ నాదియా కిచెనోక్‌తో జతకట్టి జయము పొందెను. మన రాయలసీమ బిడ్డ, కర్నూలు వాసి షేక్ జాఫ్రిన్ వినికిడి లేనిదయ్యు, 2022లో బ్రెజిలు దేశమున జరిగిన బధిరుల ఒలింపిక్ క్రీడలలో పృథ్వీ శేఖర్‌తో గూడి కాంస్యపతకము తెచ్చెను.

ఈ పేళ్లను కీర్తికొఱకు నేను చెప్పుటలేదు. సానియా జతకత్తెలలో నొకరిది రష్యా, ఒకరిది స్విట్జర్లండు, ఒకరిది ఉక్రెయిను. మాతృభాష వేఱు, ఆహారము వేఱు, ఆచారము వేఱు. వారిని గలిపినది ఆట. పెద్ద పోటీలలో జరిగిన యీ పని వీధిచివరి తోటలోను జరుగును.

దూరదేశమునకు బోయిన మన పిల్లల కష్టము తిండి కాదు, తోడులేమి. అమెరికాలో కొన్ని వీసాలపై భర్తవెంట వెళ్లిన భార్యకు ఉద్యోగము చేయుట కనుమతి యుండదు. భర్త ప్రొద్దుననే పనికి బోవును. తల్లితో ఫోనులో మాటలాడుద మన్న, అచ్చట పగలైనపుడు ఇచ్చట రాత్రి. చదువుకొన్న పిల్ల నాలుగు గోడలనడుమ మాట మఱచిపోవును. పుస్తకము ఒంటరిగా చదువవచ్చును, సంగీతము ఒంటరిగా పాడవచ్చును. టెన్నిసు మాత్ర మవతలివైపు మఱియొకరు లేనిదే సాగదు. కావుననే యది యామెను గడప దాటించి తోడును వెదకించును. రాకెట్టు బరువు ఇంచుమించు 300 గ్రాములు. ఊరగాయలో నొక చిన్న సీసా తగ్గించిన చాలును.

ఇక కొనుబడి సంగతి. చేతికి అలవాటైన రాకెట్టున్నచో దానినే తీసికొనిపోవలెను. విమానములో చేతిసంచితో నుంచుకొనవచ్చునో లేదో విమానసంస్థ నడిగి తెలిసికొనుడు. నియమము లన్నిచోట్ల నొకటి కావు. క్రొత్తగా నేర్చునది అచ్చటికి బోయినపిదప కొనుట మేలు. అమెరికాలో పెక్కు అంగళ్లు రాకెట్లను కొన్నిదినములు పరీక్షార్థ మిచ్చును, ఆడిచూచి కొనవచ్చును. గడచిన యేటి రకము చౌకగా దొరకును.

పుంగనూరు ఆవును ఎత్తు చూచి తీసివేయువాడు దాని పాల వెన్న నెఱుగడు. అట్లే రాకెట్టును వెలనుబట్టియు మెఱుగునుబట్టియు కొనరాదు. క్రొత్తవారికి 260 మొదలు 285 గ్రాముల తేలికపాటిది, ముఖము 100 మొదలు 105 చదరపు అంగుళములు గలది చాలును. పిడిని పట్టుకొన్నపుడు వ్రేళ్లకొనలకును అరచేతికిని నడుమ రెండవచేతి చూపుడువ్రేలు పట్టునంత సందుండవలెను. యూరపులో 2 అని గుర్తువేసిన పిడియే అమెరికాలో నాలుగుంబావు అంగుళముల పిడి.

అల్లిక తీగెలను గూర్చి యొకమాట. సహజమైన గట్ అని యమ్ము ఖరీదైన రకము పశువుల ప్రేగులనుండి చేయబడును. మన యిండ్లలో నది యిష్టపడనివారు కృత్రిమపు తీగెయే కావలెనని స్పష్టముగా నడుగవలెను. అందును పాలియెస్టరు రకము గట్టిది. మోచేతి నొప్పి గలవారు దానిని మానుట మంచిది.

పొదుపు చేయరానిది చెప్పులయందు. పరుగునకు కుట్టిన బూట్లు ముందునకు బోవుటకే తగును. టెన్నిసులో ప్రక్కలకు మరలునపుడు మడమ మడతపడును. టెన్నిసు బూట్లే కొనవలెను. అమెరికాలో గట్టినేల కోర్టు లెక్కువ. ఫ్రాన్సు, స్పెయిను దేశములలో ఇటుకపొడి పఱచిన యెఱ్ఱకోర్టులు విశేషము. నేలనుబట్టి అడుగుభాగపు గీతలు మాఱును. బంతులను ఇక్కడినుండి మోయనక్కఱలేదు. మూతతీసిన డబ్బాలోని బంతి కొన్ని వారములకే బిగువు కోల్పోవును. అచ్చటనే అవసరమైనపుడు కొనుడు. డెన్వరు వంటి యెత్తైన నగరములలో ఎత్తుప్రదేశముల బంతి యని వేఱుగ నమ్ముదురు.

దుస్తులకు వెఱవనేల? తోటలలోని కోర్టులందు సాధారణముగా నిర్బంధ ముండదు. వదులైన సల్వారుతో నాడవచ్చును. సంఘముల కోర్టులలో మాత్రము నియమము లడిగి పోవలెను. తెల్లదుస్తుల పట్టుదలకు పేరుపడిన వింబుల్డనే 2023 మొదలు స్త్రీలు లోపల ముదురురంగు లాగు ధరించుట కనుమతించినది. నెలసరి దినములలో క్రీడాకారిణుల మనఃక్లేశము నెఱిగి చేసిన మార్పిది. అడిగిన మాఱును, అడుగక యోర్చుకొన్న నేండ్లు గడచును.

కోర్టులో మర్యాదయు పెండ్లిపందిరిలోని మర్యాద వంటిదే. ప్రక్కవారి ఆట నడుమ దాటిపోరాదు. వారి బంతి వచ్చినచో ఆగి యందీయవలెను. బంతి గీత దాటెనో లేదో సందేహమైనచో ఎదుటివారికే యనుకూలముగా చెప్పవలెను. కాచియుండువారుండిన పలకపై వ్రాసిన గడువునకు లేచిపోవలెను. తోడెవ్వరును లేనినాడు గోడకు కొట్టి యభ్యసింపుము. నగరపు తోటలలో క్రొత్తవారికి పాఠములు చెప్పు తరగతు లున్నవేమో ప్రకటనపలక చూడుము. "మీతో నాడవచ్చునా?" యని అడుగుటకు గొప్ప ఇంగ్లీషు అక్కఱలేదు.

అత్తలారా, తల్లులారా! పిల్ల ఫోనులో "ఏమి తోచుట లే" దన్నపుడు మనము "టీవీ చూడరాదా" యందుము. అంతకుముందే పెట్టెలో నాటవస్తువునకు జానెడు చోటిచ్చిన నామాట తక్కువగా వినవచ్చును. విదేశములలో ఆడుచున్న సోదరీమణులు, ఏ యూర కోర్టు స్త్రీలకు అనుకూలమో, తొలిదినమున ఎవరు పలుకరించిరో వ్రాసి పంపినచో రాబోవు సంచికలో సంతోషముతో చేర్చుదును.