పెయింటు చుక్కల టైమింగ్

పాత టైమింగ్ బెల్టు విప్పేముందు బెల్టు మీదా, కామ్ పుల్లీ మీదా, క్రాంక్ పుల్లీ మీదా వైట్‌నర్‌తో చుక్కలు పెట్టి, పళ్లు లెక్కబెట్టి అవే చుక్కలను కొత్త బెల్టు మీదికి ఎక్కించి తొడిగేస్తే టైమింగ్ చెదరదన్నది షెడ్లలో పాతుకుపోయిన అభిప్రాయం. టీడీసీ (పిస్టన్ పైకొసకు చేరే స్థానం) వెతకడం, కామ్‌షాఫ్ట్‌కు లాక్ వేయడం బిల్లు పెంచడానికి చేసే హడావిడి అన్నది దానికి తోక. పాత బెల్టును నిలువునా సగానికి కోసి, ఒక సగం పుల్లీల మీద ఉండగానే కొత్తదాన్ని పక్కనుంచి ఎక్కించి, ఆపైన మిగిలిన ముక్కను తెంపేసేవారూ ఉన్నారు. కొన్ని ఇంజిన్లలో ఇది పనిచేస్తుంది. చిక్కంతా అక్కడే: పనిచేసినచోట పుట్టిన ధీమా పనిచేయనిచోటికి కూడా వెళ్తోంది.

నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే కామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. ఏ వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలో తేల్చేది ఈ రెండు షాఫ్టుల మధ్య ఉండే కోణం. చుక్కలు పడేది మాత్రం షాఫ్టుల మీద కాదు, పుల్లీల మీద. పుల్లీ కీతోనో పిన్నుతోనో షాఫ్టు మీద ఒకే స్థానంలో కూర్చునే ఇంజిన్‌లో ఈ తేడాతో పేచీ లేదు. కానీ చాలా ఇంజిన్లలో ఆ కీ ఉండదు. ఫోర్డ్ జీటెక్ ఇంజిన్‌లో కామ్ పుల్లీలను పట్టి ఉంచేది బోల్టు బిగింపు ఒక్కటే. షాఫ్టుల వెనక కొసల్లోని గాడుల్లో 5 మిల్లీమీటర్ల పలక దూర్చి కామ్‌లను నిలపాలి. భారత్‌లోనూ తిరిగిన స్కోడా ఆక్టేవియా 1.9 టీడీఐలో కామ్ పుల్లీ ఏటవాలు కొస మీద కీ లేకుండా బిగుసుకుని ఉంటుంది. రెనో డస్టర్ 1.6 పెట్రోలు ఇంజిన్‌లో క్రాంక్ వైపు పళ్ల చక్రం పరిస్థితీ ఇదే. బయటి పుల్లీ బోల్టు వదులు చేశాక క్రాంక్ కాస్త కదిలినా, చక్రం దానితోపాటు కదలాలని లేదు. అప్పుడు చుక్కలన్నీ ముచ్చటగా కలిసే ఉంటాయి, టైమింగ్ మాత్రం పోయి ఉంటుంది.

కీ లేకపోవడం తయారీలో లోపం కాదు, కావాలని చేసిన ఏర్పాటు. షాఫ్టులు రెండింటినీ లాక్ చేసి, కామ్ పుల్లీని వదులుగా ఉంచి, బెల్టుకు బిగువు ఇచ్చాకే పుల్లీ బోల్టు బిగిస్తారు. బిగువు ఎక్కేటప్పుడు బెల్టు లాగిన లాగుడుకు పుల్లీ తనంత తాను సర్దుకుంటుంది, షాఫ్టు కదలదు. చుక్కల పద్ధతిలో ఈ సర్దుబాటుకు చోటే లేదు.

చుక్కలకు ఇంకో బలహీనత ఉంది: అవి ఉన్నదాన్ని నకలు తీస్తాయి, సరైనదాన్ని చూపవు. గతంలో ఎవరో ఒక పన్ను తప్పించి వేసి ఉంటే కొత్త బెల్టూ అదే తప్పును మోస్తుంది. క్రాంక్ చక్రానికి 20 పళ్లుంటే ఒక పన్ను తేడా అంటే క్రాంక్ లెక్కన 18 డిగ్రీలు. అంత తేడాతోనూ చాలా ఇంజిన్లు స్టార్ట్ అవుతాయి. పికప్ తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది, ఐడిలింగ్ వణుకుతుంది. నింద ఇంజెక్టర్ల మీదికో పెట్రోలు బంకు మీదికో పోతుంది. కంప్యూటర్ సర్దుకుంటుందనే మాటా వినిపిస్తుంది. అది సర్దగలిగేది ఇంధనాన్నీ నిప్పురవ్వనీ. స్థిరంగా బిగించిన కామ్‌ను అది కదిలించలేదు. ఇంకా ఎక్కువ పళ్లు తప్పితే, వాల్వూ పిస్టనూ ఒకే చోటును పంచుకునే ఇంజిన్లలో వాల్వులు వంగి హెడ్ దించాల్సి వస్తుంది.

టీడీసీని స్పార్క్ ప్లగ్ రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి పట్టుకోవచ్చన్న నమ్మకం కూడా ఇలాంటిదే. పైకొసకు చేరువలో పిస్టన్ దాదాపు కదలదు. స్ట్రోకు 80 మిల్లీమీటర్లు, కనెక్టింగ్ రాడ్ 140 మిల్లీమీటర్లు అనుకుంటే, క్రాంక్ పైకొస నుంచి 5 డిగ్రీలు పక్కకు జరిగినా పిస్టన్ దిగేది సుమారు 0.2 మిల్లీమీటర్లే. స్క్రూడ్రైవర్ పట్టుకున్న చేతికి అది తెలియదు. డయల్ గేజీతో పైకొసకు ముందూ వెనకా పిస్టన్ ఒకే ఎత్తులో ఉన్న రెండు స్థానాలు గుర్తించి, వాటి నడిమి కోణం తీసుకోవాలి. లేదా కంపెనీ చెప్పిన పిన్ను వాడాలి. బయటి పుల్లీ మీది గీతను గుడ్డిగా నమ్మడానికీ లేదు. దాని రెండు వలయాల మధ్య రబ్బరు ఉంటే, ఆ అతుకు జారినప్పుడు గీత కూడా జరుగుతుంది. టీడీసీయే సర్వస్వం అనేవారికీ ఒక మాట: రోవర్ కె సిరీస్ నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో బెల్టు వేసే స్థానం టీడీసీకి 90 డిగ్రీల ముందుంటుంది. అక్కడ నాలుగు పిస్టన్లూ సగం లోతులో ఉంటాయి కనుక కామ్ జారినా వాల్వుకు తగిలేది ఏదీ ఉండదు. ఏ ఇంజిన్‌కు ఏ స్థానమో దాని మాన్యువల్ చెప్పాలి.

సగం కోసే పద్ధతి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పాత ముక్క పుల్లీల మీద ఉన్నంతసేపూ బెల్టుకు బిగువు ఇచ్చే టెన్షనర్‌నూ, దాన్ని దారిలో ఉంచే ఐడ్లర్‌నూ విప్పడానికి లేదు. కొత్త బెల్టు అరిగిన బేరింగుల మీదే తిరుగుతుంది. వాటిలో ఏది పట్టేసినా బెల్టు పోతుంది.

లాక్ పరికరాల వైపూ ఒక అపోహ ఉంది. లాక్ షాఫ్టును స్థానంలో నిలపడానికే గానీ, బోల్టు విప్పే బలాన్ని కాచుకోవడానికి కాదు. పుల్లీని వేరే సాధనంతో పట్టకుండా లాక్ మీదే భారం వేస్తే పిన్ను విరుగుతుంది, లేదా కామ్ గాడి చితుకుతుంది.

మారుతి 800 లాంటి ఒంటి కామ్ ఇంజిన్‌లో సంగతి వేరు. పుల్లీలకు ఒకే స్థానం, వాటి మీద కంపెనీ గుర్తులు ఉంటాయి. అక్కడ పెయింటు చుక్క జ్ఞాపకానికి పనికొస్తుంది. సరిచూసుకోవాల్సింది మాత్రం కంపెనీ గుర్తులనే.

ఏ పద్ధతిలో వేసినా, లాక్‌లు తీసి, సెల్ఫ్ కొట్టకముందే క్రాంక్‌ను స్పానర్‌తో అది తిరిగే దిశలోనే రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా అడ్డం తగిలితే బలవంతం చేయకూడదు. చుట్లు పూర్తయ్యాక లాక్‌లు మళ్లీ తేలిగ్గా దిగాలి, టెన్షనర్ ముల్లు చెప్పిన చోట ఉండాలి. ఈ దశలో బెల్టు మీది చుక్కలు కలవలేదని కంగారుపడి మళ్లీ విప్పేవారున్నారు. కామ్ పుల్లీకి 40 పళ్లు, బెల్టుకు 121 పళ్లు ఉంటే, రెండు చుట్లకు బెల్టు జరిగేది 40 పళ్లే. ఆ చుక్కలు తిరిగి మొదటి చోటికి రావాలంటే క్రాంక్ 242 చుట్లు తిరగాలి.